మూడో దుప్పటి

ప్యాంటు జేబును బయటికి లాగి దులిపితే నలిగిన బస్సు టిక్కెట్టు, సగం చప్పరించి కాగితంలో చుట్టిన పిప్పరమెంటు బిళ్ళ రాలిపడ్డాయి. రెండింటినీ డబ్బాలో వేసి, ప్యాంటు తిరగేసి, నడుము పట్టీ లోపలి గుర్తు చూసి మూడో గంపలోకి విసిరింది. తర్వాత చొక్కా. దాని జేబులో చెమటకు మెత్తబడిన ఉత్తరం ఉంది. ఉత్తరాలు చదవకూడదు. మడత విప్పకుండా గోడ మేకుకు గుచ్చి, చొక్కా మెడ లోపల చూసింది. ఆకుపచ్చ దారంతో మూడు నిలువు కుట్లు. వడ్రంగి ఇంటివాళ్ళది.

లాండ్రీలో అందరూ ఆమెను గుర్తులమ్మాయి అంటారు. వచ్చిన ప్రతి బట్ట జేబులూ వెతకాలి, గుర్తు చూసి వేరు చేయాలి, కొత్త బట్టకు గుర్తు కుట్టాలి. అదే ఆమె పని. సిరా గుర్తు నాలుగు ఉతుకులకు మించి నిలవదని ఓనరు తండ్రి కాలం నుంచీ అక్కడ దారం గుర్తే. ఒక్కో ఇంటికి ఒక్కో రంగు, ఒక్కో వరస. నూట ఎనభై ఇళ్ళ గుర్తులు గోడమీద పటంలో ఉన్నాయి గానీ ఆమె ఆ పటం వైపు చూసి ఏళ్ళయింది.

"ఏమే గుర్తులమ్మాయీ, ఇదెవరిది? కాలరు చూస్తే బొగ్గుల కొట్టు వాడిదిలా ఉంది, గుర్తు చూస్తే బ్యాంకు ఆఫీసరుది" అంది ఇస్త్రీ వదిన, చొక్కాను చూపుడు వేలికి తగిలించి.

"ఆఫీసరుదే వదినా."

"అయితే బొగ్గులు బ్యాంకులో దాస్తున్నారన్నమాట."

నవ్విద్దామనే ఇస్త్రీ వదిన తాపత్రయం. గుర్తులమ్మాయి పెదవులు కదిలాయి గానీ అది నవ్వు దాకా రాలేదు. చెల్లెలు పోయి పన్నెండు రోజులు. పనిలోకి రావడం ఇది మూడో రోజు. ఇంట్లో కూర్చుంటే అమ్మ సూదిలో దారం ఎక్కించే చప్పుడు కూడా వినబడుతోంది. ఇక్కడైతే నీళ్ళ మోత ఉంది.

పదకొండు గంటల వేళ హెడ్డు కానిస్టేబులు లోపలికి వచ్చాడు. చంకలో గోధుమరంగు కాగితంలో చుట్టిన పొట్లం. తడి నేలమీద బూట్లు జారకుండా చూసుకుంటూ, "ఇక్కడ గుర్తులు కుట్టేదెవరు?" అని అడిగాడు.

 ఓనరు బల్ల వెనకనుంచి లేచి, గడ్డంతో ఆమెను చూపించాడు.

హెడ్డు ఆమెను గుర్తుపట్టాడు. పాత మిల్లు వెనక గుంత దగ్గర, చెల్లెలు దొరికిన రోజు ఆమె మోచెయ్యి పట్టుకుని వెనక్కి లాగింది ఇతనే. కాసేపు పొట్లాన్ని ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు.

"నువ్వేనా అమ్మా. వేరే ఎవరైనా ఉంటే..."

"నేనొక్కదాన్నే సార్."

"దుప్పటి. దానిలోనే చుట్టి... బురద ఎండి రాలిపోయాక ఒక మూల ఏదో కుట్టు బయటపడింది. మా ఇన్‌స్పెక్టరుగారు లాండ్రీ గుర్తేమో కనుక్కురమ్మన్నారు. ఒక్క మూలే చూపిస్తాను. మిగతాది నువ్వు చూడొద్దు."

ఆయన కాగితం కొంచెమే విప్పాడు. అరచేతి వెడల్పు గుడ్డ. ఒకప్పుడు తెల్లగా ఉండి ఉంటుంది. దానిమీద రెండు నీలం అడ్డ కుట్లు, వాటి మధ్య ఎర్ర చుక్క.

ఆలోచించాల్సిన పని లేకపోయింది. ఆమె కంటికంటే ముందు నోరు చెప్పింది.

"గడియారాలాయనది."

అంటూనే అలవాటు కొద్దీ కుట్టు వెనక వేలు పెట్టి తడిమింది. వేలికొసకు ఆవగింజంత గట్టిగా ఏదో తగిలింది. అదేమిటో చూసేలోపే హెడ్డు కాగితం మడిచేశాడు.

"గడియారాలు బాగుచేసే అతనా? సందు చివర కొట్టు? ఒంటరిగాడు?"

"అవును సార్."

"మీ చెల్లెలు అతని కొట్టు దగ్గర కూర్చునేదని విన్నాం." ఆయన గొంతు తగ్గింది. "రా అమ్మా, ఈ ముక్క ఇన్‌స్పెక్టరుగారి ముందు చెప్పి సంతకం పెట్టి వద్దువుగాని."

వెళ్తూ ఆమె వెనక్కి చూసింది. లాండ్రీ అంతా ఆమెనే చూస్తోంది. ఇస్త్రీ వదిన ఒక్కతే తల వంచుకుని, అప్పటికే ముడతలు పోయిన గుడ్డమీద పెట్టెను మళ్ళీ మళ్ళీ తోస్తోంది.

*

సాయంత్రానికల్లా గడియారాల కొట్టు తలుపు ఊడిపోయింది. ఎవరు మొదలుపెట్టారో తెలియదు. ఆమె అటుగా వచ్చేసరికి సందులో గాజుపెంకులు, ముళ్ళు లేని గడియారపు ముఖాలు పడి ఉన్నాయి. గోడకున్న ఒక గడియారాన్ని ఎవరూ అందుకోలేకపోయినట్టున్నారు, అది ఆడుతూనే ఉంది. ఆ కింద చిన్న స్టూలు. చెల్లెలు కూర్చునేది దానిమీదే. పదహారేళ్ళ పిల్లకు గడియారం కడుపులో ఏముంటుందో చూడ్డమంటే ఎంత పిచ్చో. చెల్లెలికి ఇంట్లో వాళ్ళు పెట్టిన పేరు పిచ్చుక. ఒక్కచోట నిలవదని. ఆ స్టూలు మీద మాత్రం గంటసేపు నిలిచేది.

ఇంటి ముందు మామయ్య వ్యాన్ ఆగి ఉంది.

లోపల అమ్మ కిటికీ కింద కూర్చుని అట్టలమీద బొత్తాలు కుడుతోంది. ఆ పనే వాళ్ళింటికి ఆధారం, లాండ్రీ కాకుండా. అట్టకు పన్నెండు బొత్తాలు. మామయ్య అమ్మకు సొంత తమ్ముడు. ఎదురుగా పీటమీద కూర్చుని, అక్క చేతికి ఒక్కో బొత్తమూ అందిస్తున్నాడు. ఈ పన్నెండు రోజులూ ఆయన లేకపోతే ఇల్లు నిలిచేది కాదని చుట్టుపక్కల వాళ్ళందరూ అన్నారు. పిల్ల కనబడని మూడు రోజులూ వ్యాన్ వేసుకుని ఊరంతా తిరిగింది ఆయనే. అందరూ వద్దన్నా గుంతలోకి దిగింది కూడా ఆయనే.

"రా అమ్మడూ" అన్నాడు ఆమెను చూసి. లేచి వచ్చి తలమీద చెయ్యి వేశాడు. "నీ చేత్తోనే దొరికాడు వాడు. మీ నాన్న ఉంటే గర్వపడేవాడు."

ఆ చేతి కింద ఆమె కదలకుండా నిలబడింది.

"నేను అనుకుంటూనే ఉన్నా అక్కా" అన్నాడు మళ్ళీ పీటమీద కూర్చుంటూ. "ఆ రోజు కారియరు ఇచ్చి, నిలబడమన్నా నిలబడలేదు. గడియారాల కొట్టుకెళ్ళాలి మామయ్యా అంది. వెళ్ళనిచ్చాను. నా తప్పే. ఇంట్లో మీ మరదలుంటే కాసేపు కూర్చోబెట్టేది."

ఈ మాట ఆయన పోలీసులకూ చెప్పాడు, పలకరించడానికి వచ్చిన వాళ్ళకూ చెప్పాడు. అత్తయ్య పిల్లలతో పుట్టింటికి వెళ్ళడం, ఒంటరిగా ఉన్న తమ్ముడికి అమ్మ కారియరు పంపడం, పిచ్చుక అది ఇచ్చేసి వెళ్ళిపోవడం. చెప్పినప్పుడల్లా ఒకేలా చెప్తాడు, ఒక మాట అటూ ఇటూ పోకుండా.

అమ్మ దారం కొరికి, ఇంకో అట్ట తీసుకుంది.

"ఎల్లుండి పొద్దున కోర్టుకు తీసుకెళ్తారు వాణ్ణి. గుర్తు సంగతి నువ్వే చెప్పాలట. నేను వ్యాన్ తెస్తాను, ముగ్గురం వెళ్దాం."

"ఆయన ఒప్పుకున్నాడా మామయ్యా?"

"ఒప్పుకుంటాడు" అన్నాడు మామయ్య. "ఒప్పించే వాళ్ళ చేతిలోనే ఉన్నాడుగా."

*

మర్నాడు ఓనరు అరల దగ్గర నిలబడి గొణుక్కుంటున్నాడు.

"వాడి మూట ఇంకా ఇక్కడే ఉంది. ఎవరైనా చూస్తే మన కొట్టు మీద కూడా రాళ్ళు వేస్తారు. ఏమ్మా, దాన్ని తీసి పాతగుడ్డల్లో పడెయ్."

గుర్తులమ్మాయి అరలోంచి మూట దింపింది. ఉతికి, ఇస్త్రీ అయి, తాడు కట్టిన మూట. గడియారాలాయన మూట ఎప్పుడూ చిన్నదే. ముడి విప్పి ఒక్కోటీ పక్కన పెట్టసాగింది. నూనె మరకల చొక్కాలు నాలుగు. మోకాలు దగ్గర అతుకు వేసిన ప్యాంటు. తువ్వాలు. అడుగున దుప్పటి.

దాని అడుగున ఇంకో దుప్పటి.

రెండూ తీసి బల్లమీద పరిచింది. ఒకటి గళ్ళది, మధ్యలో సిగరెట్టుకు కాలిన కన్నం. రెండోది తెల్లది, అంచు పోతే ఆయనే ఎవరిచేతో వంకరటింకరగా కుట్టించుకున్నాడు. నాలుగేళ్ళ కిందట ఈ రెండింటికీ గుర్తు కుట్టింది తనే. అప్పుడు ఆయన, "నాకింతేనమ్మా. ఒకటి మీ దగ్గరుంటే ఒకటి నా దగ్గర. రెండూ మీ దగ్గరుంటే ఆ వారం కప్పుకోను" అన్నాడు. నాలుగేళ్ళుగా ఈ రెండే వస్తున్నాయి. రెండూ ఇక్కడే ఉన్నాయి. పిచ్చుక కనబడకుండా పోవడానికి ముందురోజు వేసిన మూట ఇది.

మరి మూడోది?

ఆమె దుప్పటి మూల తిప్పి కుట్టు వెనక వేలు పెట్టింది. నున్నగా ఉంది. ఉండాలి కూడా. ఆమె ఎప్పుడూ ముడి వేయదు. దారం కొసను కుట్ల కిందుగా మూడుసార్లు దూర్చి వదిలేస్తుంది. ముడి వేస్తే ఇస్త్రీపెట్టె దానికి పట్టుకుని గుడ్డ పిగులుతుంది. పనిలో చేరిన మొదటి రోజున ఓనరు తల్లి నేర్పిన సంగతి అది.

నిన్న వేలికి తగిలిందేమిటో అప్పుడు తెలిసింది. 

భోజనం వేళ కాకముందే స్టేషనుకు వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు లేడు. హెడ్డు బల్లమీద అన్నం డబ్బా తెరుచుకుని కూర్చున్నాడు.

"దుప్పటి మూల ఇంకోసారి చూడాలి సార్."

"సంతకం పెట్టావుగా అమ్మా."

"పెట్టాను. ఇంకోసారి చూడాలి."

ఆయన ఏమనుకున్నాడో, చెయ్యి కడుక్కుని బీరువా తీశాడు. ఈసారి ఆమె మూలను వెనక్కి తిప్పి వెలుతురులో చూసింది. రెండు అడ్డ కుట్ల కొసలు కలిపి బిగించిన ముడి, పక్కనే ఎర్రదారానికి ఇంకో ముడి. సూదిపని అలవాటు లేని చెయ్యి, ఊడిపోతుందేమోనని భయపడి ఒకటికి రెండు వేసింది.

"ఏంటమ్మా?"

"రేపు చెప్తాను సార్." తనకే ఇంకా తెలియని దాన్ని ఆయనకేం చెప్పగలదు.

వెనక్కి తిరుగుతుంటే ఊచల వెనకనుంచి పిలుపు వినిపించింది. గడియారాలాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ఒక కన్ను పూర్తిగా మూసుకుపోయింది. కుడిచేతి వేళ్ళు వాచి, ఒడిలో వేరే ఎవరివో పెట్టుకున్నట్టుగా ఉన్నాయి.

"అమ్మా, కొట్టులో గడియారాలకు ఎవరైనా కీ ఇస్తున్నారా?"

ఆమె ఒక ఊచ పట్టుకుని నిలబడింది.

"పెద్దదానికి ఎనిమిది రోజులకోసారి ఇవ్వాలి. మీ చెల్లెలికి తెలుసు." ఆగాడు. "ఆ రోజు రాలేదమ్మా తను. వస్తుందని స్టూలు వేసి ఉంచాను. రాలేదు. వీళ్ళకు ఎన్నిసార్లు చెప్పినా వచ్చిందనే అంటున్నారు. ఇంకో రెండు దెబ్బలు పడితే నేనూ వచ్చిందనే అంటానేమో."

*

ఇస్త్రీ వదిన మధ్యాహ్నం పూట పెరట్లో, నీళ్ళ తొట్టి గట్టుమీద కూర్చుని తింటుంది. గుర్తులమ్మాయి వెళ్ళి పక్కన కూర్చుంది. ఎక్కడ మొదలుపెట్టాలో ఆలోచించలేదు.

"గడియారాలాయన గుర్తు ఇంకెవరి దుప్పటికి కుట్టావు వదినా?"

ముద్ద నోటి దగ్గర ఆగింది.

"గుర్తులు కుట్టేది నువ్వు కదే."

"నేను ముడి వెయ్యను."

ఇస్త్రీ వదిన ముద్దను డబ్బాలో పెట్టేసింది. చేతులు ఒడిలో తుడుచుకుంది.

"అందరూ చేసేదేనే అది" అంది చివరికి. "మనింటి బట్టలు ఉతికించుకోవాలంటే ఓనరు ఒప్పుకుంటాడా? తక్కువ బట్టలు వేసేవాళ్ళ మూట చూసి, వాళ్ళ గుర్తే కుట్టి, నువ్వు వేరు చేశాక అందులో కలిపేస్తాం. ఉతికి వచ్చాక ఇస్త్రీ దగ్గర తీసేసుకుంటాం. గంజి వేసే ఆవిడా అంతే, నేనూ అంతే. నువ్వొక్కదానివే చెయ్యవు. గడియారాలాయన ఇచ్చేటప్పుడూ చూసుకోడు, తీసుకునేటప్పుడూ చూసుకోడు. అందుకని ఆయన మూట."

"ఎవరిది వదినా?"

"నిన్నడిగితే కుదరదన్నావట. అందుకని నా దగ్గరికొచ్చింది. జత దుప్పట్లు, కొత్తవి. పెరటి తలుపు దగ్గర ఇచ్చి, వారం వారం అక్కడే తీసుకునేది." ఇస్త్రీ వదిన ఆమె ముఖం చూడలేక నీళ్ళ తొట్టిలోకి చూస్తూ చెప్పింది. "మీ అత్తయ్య."

తొట్టిలో సబ్బు నురగ నెమ్మదిగా తిరుగుతోంది.

"నిన్న పొట్లం చూసినప్పుడే అనుమానం వచ్చింది. ఆయనదే అయ్యుంటుందిలే అనుకున్నా. అనుకుంటే సరిపోతుందని అనుకున్నా. నన్ను పనిలోంచి తీసేస్తారే, నా ముసలాయన మంచంలో ఉన్నాడు." డబ్బాకు మూత పెట్టి, "నువ్వు చెప్పమంటే చెప్తాను" అంది. "ఎక్కడ చెప్పమంటే అక్కడ. కానీ నువ్వు ముందు మీ అమ్మకు చెప్పు. అది ఆమె తమ్ముడే."

*

అత్తయ్య దండెం మీద బట్టలు తీస్తోంది. వ్యాన్ లేదు. పిల్లలు బడినుంచి రాలేదు. గుర్తులమ్మాయి గేటు తీసుకుని వెళ్ళేసరికి, "ఏమే, ఇలా వచ్చావు? అమ్మ బాగుందా?" అంటూ నోట్లో ఉన్న క్లిప్పును తీసింది.

దండెం చివర తెల్ల దుప్పటి వేలాడుతోంది. గుర్తులమ్మాయి దాని మూల అందుకుంది. రెండు నీలం కుట్లు, ఎర్ర చుక్క. వెనక రెండు ముడులు.

"లాండ్రీకి వెయ్యలేదా అత్తయ్యా ఈసారి?"

"ఈ గొడవలో పెరటి తలుపు దాకా..." అత్తయ్య మాట మధ్యలో ఆగింది. దుప్పటి మూల పట్టుకున్న చేతి వైపు చూసింది.

"దీని జత ఏది?"

"ఏం జత?"

"జత దుప్పట్లు కదా."

"మీ మామయ్య తీసుకెళ్ళాడు. వ్యాన్ కింద దూరి మరమ్మతు చేసుకునేటప్పుడు పరుచుకోడానికి."

"కొత్త దుప్పటి?"

"నేను ఊళ్ళో లేను కదే. వచ్చేసరికి లేదు. అడిగితే అలా అన్నాడు." అత్తయ్య దుప్పటిని దండెం మీదనుంచి లాగేసింది. గబగబా మడత పెట్టసాగింది, మూల లోపలికి పోయేలా. మడత సరిగ్గా రాలేదు. మళ్ళీ విప్పి మళ్ళీ మడిచింది. నలభై ఏళ్ళ మనిషి, దుప్పటి మడవడం కొత్తగా నేర్చుకుంటున్నట్టుగా ఉంది.

"నువ్వు వచ్చేసరికి ఇల్లు ఎలా ఉంది అత్తయ్యా?"

"శుభ్రంగా ఉంది" అంది అత్తయ్య. ఆ మాట అనేశాక పెదవి కొరుక్కుంది. "కడిగి ఉంది. మీ మామయ్య ఎప్పుడూ చీపురు పట్టిన మనిషి కాదు. నేనేదో నా మీద ప్రేమ అనుకున్నా."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. పక్కింట్లో ఎవరో కుళాయి తిప్పారు.

"నాకు ఇద్దరు పిల్లలున్నారే" అంది అత్తయ్య, దుప్పటిని గుండెకు హత్తుకుని. "ఇంటికి వెళ్ళు. ఆయన వచ్చే వేళయింది. వెళ్ళవే తల్లీ, నీకు దణ్ణం పెడతాను."

*

పొద్దు వాలుతుండగా అమ్మకు చెప్పింది. దుప్పట్లు రెండూ మూటలో ఉండడం, ముడులు, ఇస్త్రీ వదిన, దండెం. మామయ్య పేరు ఒక్కసారీ ఎత్తలేదు. ఎత్తాల్సిన అవసరం రాలేదు.

అమ్మ సూది ఆగలేదు. కన్నంలోంచి పైకి, కన్నంలోంచి కిందికి. ఏడో బొత్తం, ఎనిమిదో బొత్తం.

"వాణ్ణి నేను చంకనేసుకుని పెంచాను" అంది.

"తెలుసమ్మా."

"మా అమ్మ పోయేనాటికి వాడికి నడకే సరిగ్గా రాదు. నా చేతి ముద్ద తప్ప తినేవాడు కాదు."

"అమ్మా..."

"దారపు ముక్కను చూసి మనిషి మీద అంత మాట అంటావా?"

"దారపు ముక్కను చూసే కదమ్మా గడియారాలాయన్ని కొడుతున్నారు. ఆ ముక్క చూపించింది నేనే. ఆయన వేళ్ళు చూశాను ఇవాళ. ఇంక ఆ వేళ్ళు గడియారం పట్టుకోలేవు."

అమ్మ చూపుడు వేలిమీద రక్తపు బొట్టు లేచింది. దాన్ని అట్టకు అంటకుండా తుడుచుకుని, "నోరు మూసుకో" అంది. కోపంగా కాదు. అలిసిపోయినట్టుగా. "రేపు వాడొస్తాడు. వెళ్దాం. వాళ్ళు అడిగినదానికి నిన్న చెప్పిందే చెప్పి వచ్చేద్దాం. పోయింది పోయింది. ఉన్న నలుగురమైనా మిగలాలి."

గుర్తులమ్మాయి లేచి దీపం వేసింది. అమ్మ వద్దన్నా తను చెప్తుంది, కానీ అమ్మ కాదంటే ఎవరు నమ్ముతారు? తమ్ముడి పక్కన కూర్చుని ఆ తల్లి తల ఊపితే, కూతురికి మతి చెడిందని అంటారు. ఇన్‌స్పెక్టరుకు ముద్దాయి దొరికేశాడు. ఇంకో ముద్దాయి ఆయనకెందుకు?

తెల్లవారి లేచేసరికి అమ్మ అప్పటికే కిటికీ కింద ఉంది. ఎంతసేపటి నుంచో. పక్కన పూర్తయిన అట్టలు దొంతరగా ఉన్నాయి. ముఖం కడుక్కుని వచ్చిన కూతురి వైపు చూడకుండా, అట్టతో మాట్లాడుతున్నట్టు అంది.

"వెళ్ళనంది."

"ఎవరమ్మా?"

"పిచ్చుక. ఆ రోజు. మామయ్య ఇంటికి నేను వెళ్ళనమ్మా అంది. మూడుసార్లు అంది." అమ్మ దారానికి మైనం రాస్తోంది, ఒక కొసనుంచి ఇంకో కొసకు. "ఎందుకే అంటే చెప్పలేదు. గుమ్మం పట్టుకుని నిలబడింది. బద్ధకం అనుకున్నా. కారియరు చేతిలో పెట్టి వీపుమీద ఒకటిచ్చి పంపాను."

కూతురు వెళ్ళి ఆమె పక్కన కూర్చుంది. చెయ్యి పట్టుకోబోతే అమ్మ సూది తీసుకుని దారం ఎక్కించడం మొదలుపెట్టింది. మొదటిసారి ఎక్కలేదు. రెండోసారీ ఎక్కలేదు.

బయట వ్యాన్ ఆగింది.

మామయ్య ఉతికిన చొక్కా వేసుకున్నాడు. తల దువ్వుకున్నాడు. గుమ్మంలో చెప్పులు విడిచి, "తయారేనా?" అంటూ వచ్చి పీటమీద కూర్చున్నాడు. అమ్మ లేచి గ్లాసుతో మంచినీళ్ళు తెచ్చి ఆయన ముందు పెట్టి, మళ్ళీ తన చోట కూర్చుంది. రోజూ చేసినట్టే. ఆ నీళ్ళగ్లాసు చూడగానే గుర్తులమ్మాయికి ఆశ చచ్చిపోయింది.

"ఏం చెప్తావో ఒకసారి చెప్పు అమ్మడూ, వింటాను" అన్నాడు మామయ్య. "అక్కడ తడబడితే బాగుండదు."

ఆమె తల దించుకుని జడ అల్లుకోసాగింది.

ఆయన నీళ్ళు తాగాడు. గ్లాసు కింద పెట్టి, మూతి తుడుచుకుని, మెత్తగా నవ్వాడు.

"నిన్న మా ఇంటికి వచ్చావట. మీ అత్తయ్య చెప్పింది. దండెం మీద బట్టలవీ చూశావట."

అమ్మ బొత్తం కన్నంలో సూది దూర్చింది.

"ఎందుకమ్మా అలా ఒక్కదానివే తిరుగుతావు? లాండ్రీ నుంచి మా ఇంటి దాకా ఆ మిల్లు దారి మంచిది కాదు. రోజులు బాగాలేవు." గ్లాసును నేలమీద వేలితో చుట్టూ తిప్పాడు. "అక్కకు ఇంక నువ్వొక్కదానివే మిగిలావు. జాగ్రత్తగా ఉండాలి కదా. ఏం అక్కా?"

అమ్మ చేతిలో సూది ఆగింది.

ఆమె తల ఎత్తి తమ్ముడి ముఖంలోకి చూసింది. ఎప్పుడూ చూడని మనిషి ఇంట్లోకి వచ్చి కూర్చుంటే ఎవరో గుర్తుపట్టడానికి చూసినట్టు చూసింది. మామయ్య ఆ చూపుకు ముందు నవ్వాడు. తర్వాత నవ్వు ఆపాడు.

తొమ్మిది బొత్తాలే కుట్టిన అట్టను అమ్మ నేలమీద పెట్టింది. మోకాలిమీద చెయ్యి ఆనించి లేచింది. ఒళ్ళో పడ్డ దారపు తునకలు దులుపుకుంది. గుమ్మం దగ్గరికి వెళ్ళి, తమ్ముడి చెప్పుల్ని దాటి, తన చెప్పులు వేసుకుంది.

"అక్కా, ఆగు. వ్యాన్‌లో వెళ్దాం" అన్నాడు మామయ్య, సగం లేచి.

అమ్మ వినిపించుకోలేదు. కుళాయి దగ్గర బిందెలు పట్టుకుని నిలబడ్డ వాళ్ళు పలకరించబోయి, ఆమె ముఖం చూసి దారి ఇచ్చారు. వ్యాన్ పక్కనుంచి, దాని తెరిచిన తలుపు పక్కనుంచి, ఎవరితో ఒక్క మాటైనా అనకుండా, స్టేషను ఉన్న వైపుకు నడుచుకుంటూ వెళ్ళిపోయింది.